చారు ముందా, చివరా? సికింద్రాబాదు ఇళ్లలో వరుస విందు చరిత్ర

సికింద్రాబాదు ఇళ్లలో రాత్రి విందును వరుసలుగా, అంటే ఒక వంటకం తిని పళ్లెం తీసిన తరువాతనే మరొకటి తెచ్చే పద్ధతిలో, వండి వడ్డించే అలవాటు పందొమ్మిదో శతాబ్దంలో దండు బంగళాలలో మొదలై, రైల్వే క్వార్టర్ల మీదుగా, ఇరవయ్యో శతాబ్దం రెండో సగానికి తెలుగు మధ్యతరగతి వంటిళ్లను కూడా ఎంతో కొంత తాకింది. ఈ ప్రయాణాన్ని సాధారణంగా వంటకాల చరిత్రగా చెబుతారు. ఏ కూర ఎవరు తెచ్చారు, ఏ తీపి ఎక్కడ పుట్టింది అన్న లెక్కలతో అది ముగుస్తుంది. కాని మొదటిసారి విందు భారం నెత్తిన వేసుకున్న మనిషికి, ఆ మనిషి 1870లలో తిరుమలగిరి బంగళాలో దిగిన దొరసాని అయినా, 1970లలో మారేడుపల్లి అద్దె ఇంట్లో కాపురం పెట్టిన కొత్త కోడలు అయినా, ఎదురైన చిక్కు వంటకంలో తక్కువ, వరుసలో ఎక్కువ. ఏది ముందు వండాలి, ఏది చివరి నిమిషం దాకా ఆపాలి, ఏది చల్లారినా చెడదు, ఏది పొయ్యి దించగానే పళ్లెంలో పడాలి అన్నవి ఏ వంటవారైనా చేతులు కాల్చుకుని నేర్చుకున్న సంగతులే.

ఊరి పుట్టుక ఈ కథకు పునాది. 1798లో రెండో అసఫ్ జా అయిన నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకోవడంతో, నిజాం ఖర్చు మీద బతికే కంపెనీ దళం ఒకటి హైదరాబాదు పక్కనే, హుసేన్ సాగరుకు ఈశాన్యంగా ఉన్న బయళ్లలో డేరాలు వేసుకుంది. 1806లో ఆ దండుకు అప్పటి నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు పెట్టారు గాని, జనం నోట అది చాలా కాలం 'లష్కరు', అంటే సైన్యం ఉన్న చోటు, గానే ఉండిపోయింది. ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలలో ఆ పేరు నేటికీ పలుకుతున్నది. ఈ దళం మద్రాసు సైన్యంలో భాగం కావడం వల్ల దాని వెంట వచ్చిన సిపాయిలు, గుత్తేదార్లు, బోయీలు, వంటవాళ్లు చాలామంది మద్రాసు రాజధాని జిల్లాల వారు, తెలుగు తమిళాలు రెండూ నోటనున్నవారు. సైన్యానికి సరుకులు, పనులు సమకూర్చి పైకి వచ్చిన మొదలియార్ కుటుంబాల గుర్తు పద్మారావు నగర్ పేరులో నిలిచి ఉంది.

ఆ పరివారంలోని చిన్న ఉద్యోగులను చరిత్ర పెద్దగా పట్టించుకోలేదు. అందులో ఒక్కరి పేరు మాత్రం ఊరంతటికీ తెలుసు: సైన్యంలో డోలీ మోసే సురటి అప్పయ్య. 1813లో జంట నగరాలలో కలరా వ్యాపించినప్పుడు తన దళంతో ఉజ్జయినిలో ఉన్న అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగి వచ్చి 1815లో లష్కరులో అమ్మవారిని ప్రతిష్ఠించాడనీ ఆలయ చరిత్ర చెబుతుంది. ఆ అమ్మవారికి ఎత్తే బోనం అన్న మాట భోజనం నుంచి వచ్చిందే. కొత్త కుండలో వండిన అన్నం, పాలు, బెల్లం, చుట్టూ వేపమండలు, మీద దీపం. ఒక్క కుండలో ఒక్కసారిగా సమర్పించే ఆ నైవేద్యంలో వరుస అన్న ప్రశ్నే రాదు. బోనమూ, బంగళాలోని ఆరు పళ్లాల విందూ ఒకే దండు పొయ్యిల మీద, దాదాపు ఒకే జనం చేతుల మీదుగా ఉడికాయన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

తెలుగువారి విందుకు వరుస లేదని అనుకోకూడదు. విస్తరి వేసిన తరువాత ముందుగా కాస్త తీపి, ఆ పైన పప్పు, నెయ్యి, కూర, పచ్చడి, తరువాత పులుసు, ఆ వెనుక చారు, చివర పెరుగు అన్న క్రమం ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా ఎక్కడా తలకిందులు కాదు. శ్రీనాథుడి కావ్యాల నుంచి, శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఋతువు ఋతువుకూ మార్చి పెట్టిన ఆతిథ్యం నుంచి, అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతిలోని పొడవాటి పట్టికల నుంచి మనవారి తిండి చరిత్రను ఏరి కూర్చిన సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) చదివితే ఈ విందుల విస్తృతి తెలుస్తుంది. అయితే ఈ వరుస తినేవారి చేతిలోనూ, వడ్డించేవారి చేతిలోనూ ఉంటుంది కాని వండేవారి చేతిలో కాదు. పచ్చడి నిన్న నూరినదైనా ఫరవాలేదు, పులుసు పొద్దున కాచినదైతే ఇంకా మేలు, పప్పు గోరువెచ్చగా ఉన్నా అన్నం పొగలు కక్కుతుంటే చాలు. బంతి కూర్చునే లోపల అన్నీ వండి పక్కన పెట్టుకోవచ్చు. ఆ తరువాతి నేర్పంతా వడ్డనది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అన్న సామెత వడ్డించేవాడిని తలచుకుంది గాని వండినవాడిని తలచుకోకపోవడం యాదృచ్ఛికం కాదు. కొత్తగా గరిటె పట్టినవారిని విస్తరి భోజనం కొంత క్షమిస్తుంది.

ఇంగ్లీషువారి విందు కూడా మొదట్లో ఇంత కఠినంగా లేదు. పందొమ్మిదో శతాబ్దం తొలి రోజులలో ఐరోపాలో చెల్లుబాటైన ఫ్రెంచి పద్ధతిలో ఒక్కొక్క విడతకు చెందిన సూపులు, చేపలు, మాంసాలు, కూరలు అన్నీ ఒకేసారి బల్ల మీద పరిచేవారు, ఎవరికి అందినది వారు తీసుకునేవారు. ఆ లెక్కన 1806 నాటి లష్కరు దొర బల్ల మన విస్తరికి దగ్గరి చుట్టమే. శతాబ్దం నడుమ దాటేసరికి రష్యా పద్ధతి అనే కొత్త మర్యాద ఇంగ్లండులో వేళ్లూనుకుంది. అందులో బల్ల మీద పూలూ దీపాలూ తప్ప తిండి ఉండదు. వంటింటి నుంచి సూపు వస్తుంది, తాగాక తీసేస్తారు, చేప వస్తుంది, తీసేస్తారు, ఆ తరువాత చిన్న మాంసపు వంటకం, దాని వెనుక నిప్పుల మీద కాల్చిన పెద్ద మాంసం, చివర తీపి, దాని మీద ఉప్పుకారాల ముక్క ఒకటి. తినేవారికి ఇది హాయి, అన్నీ వేడిగా వస్తాయి. వంటింట్లో ఉన్నవారికి మాత్రం ఇది గడియారంతో పందెం. 1869లో సూయెజ్ కాలువ తెరుచుకుని ఓడ ప్రయాణం తగ్గాక ఇంగ్లండు నుంచి పెళ్లయి వచ్చే అమ్మాయిలు పెరిగారు. పుట్టింట్లో పొయ్యి దగ్గరికి వెళ్లని ఆ పిల్లలకు, భర్త రెజిమెంటు మర్యాద కోసం నెలలో కొన్నిసార్లయినా విందు ఇవ్వడం తప్పనిసరి అయింది. 1878లో మొదలైన సికింద్రాబాదు క్లబ్బు వంటి చోట్ల ఒకరి విందును మరొకరు పోల్చి చూసే అవకాశం కూడా దొరికింది.

ఇలాంటి కొత్తవారి కోసం రాసిన పుస్తకాలలో రెండింటికి ఈ ఊరితో సంబంధం ఉంది. మొదటిది నిజాం సైన్యంలో పెద్ద సర్జనుగా పనిచేసిన డాక్టర్ రాబర్ట్ ఫ్లవర్ రిడెల్ రాసిన 'ఇండియన్ డొమెస్టిక్ ఎకానమీ అండ్ రిసీట్ బుక్'. ఇంగ్లీషు అధికారులు నడిపిన ఆ సైన్యపు కేంద్రం సికింద్రాబాదును ఆనుకుని ఉన్న బొల్లారం. 1840లలో వెలువడి తరువాత పలుమార్లు అచ్చయిన ఆ గ్రంథం కుటుంబాలకూ, సైనికుల ఉమ్మడి భోజనశాలలైన మెస్సులకూ, నగరాలకు దూరంగా ఉండే ఒంటరి ఉద్యోగులకూ పనికి వచ్చేలా తయారైంది. ఇంగ్లీషు వంటలతో పాటు పులావులు, కబాబులు, కూరలు కూడా చెప్పిన ఆ డాక్టరు తోటపని మీద కూడా ఒక పుస్తకం రాశాడు. తిండి బాగుండాలంటే ముందు పెరట్లో కాయగూర పండాలన్న వైద్యుడి చూపు అది. రిడెల్ కాలానికి వరుస విందు పట్టు ఇంకా బిగియలేదు కనుక ఆయన పుస్తకం ఒక నిఘంటువులా ఉంటుంది, కావలసినది వెతుక్కోవాలి.

రెండోది 1878లో మద్రాసు నుంచి వచ్చిన 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్'. రచయిత మద్రాసు అశ్వికదళానికి చెందిన ఆర్థర్ రాబర్ట్ కెన్నీ హెర్బర్ట్, కలం పేరు వైవర్న్. లష్కరు మద్రాసు సైన్యపు స్థావరం కనుక మద్రాసు దొరలకు చెప్పినదేదైనా ఇక్కడి బంగళాలకూ వర్తించేదే. ఈయన నిఘంటువు రాయలేదు. ముప్పై చిన్న విందులను, ఒక్కొక్కదానిలో ఏ వంటకం తరువాత ఏది, ఎలా చేయాలి అన్న వివరంతో సహా, విడమరచి పెట్టాడు. అతిథులు తక్కువగా ఉండాలి, పళ్లాలు తక్కువగా ఉండాలి, డబ్బాలలో వచ్చే సీమ సరుకు మీద మోజు తగ్గాలి అన్నది ఆయన వాదం. కూరలకు విందు బల్ల మీద గౌరవం పోయిందనీ, అవి ఉదయం ఫలహారానికీ మధ్యాహ్న భోజనానికీ దిగిపోయాయనీ గమనించి కూడా, వాటి కోసం పుస్తకంలో గట్టి చోటే కేటాయించాడు. మంచి విందు కావాలంటే వంటవాడితో స్నేహం చేయమని ఇంటి యజమానులకు చెప్పినవాడే, ఆ వంటవాళ్లందరినీ కలిపి 'రామసామి' అన్న ఒకే పేరుతో పిలిచాడు. ఆయన తరువాత ఇంగ్లండు వెళ్లి 1890లలో లండనులో వంట పాఠాలు చెప్పాడు. ఆయన రామసామి ఏ ఊరివాడో, అసలు పేరేమిటో ఎవరూ రాసి పెట్టలేదు. కొత్తగా నేర్చుకునే దొరసాని చేతికి ముప్పై విందుల పుస్తకం అందింది. ఆ విందులను నిజంగా వండిన మనిషికి చదువు అక్కరలేదని అందరూ అనుకున్నారు.

ఆ మనిషి పనిచేసిన చోటును దగ్గరగా చూడాలి. పొగా వాసనా ఇంట్లోకి రాకుండా బంగళా వెనుక, కొంత దూరంలో కట్టిన గదిని బబర్చీఖానా అనేవారు. వైవర్న్ తన పుస్తకంలో భారతదేశపు వంటశాలల మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే చేర్చి ఆ గదుల దుస్థితిని ఎండగట్టాడు. నడుమెత్తు ఇటుక గట్టు, అందులో గుంటలుగా నాలుగైదు పొయ్యిలు, బొగ్గూ కట్టెలూ, చేతిలో విసనకర్ర. ఓవెన్ అనే కాల్పు పెట్టె చాలా ఇళ్లలో లేదు. దాని పని డేకిసా చేసేది. మందపాటి రాగి డేకిసాలో లోపలి గిన్నె దించి, బల్లపరుపు మూత పెట్టి, కింద నిప్పు తగ్గించి మూత మీద కణకణలాడే బొగ్గులు పేరిస్తే పైనుంచీ కిందనుంచీ సమంగా వేడి తగిలి పుడ్డింగు పొంగేది, మాంసం ఎర్రబడేది. బొగ్గు ఒక గుప్పెడు ఎక్కువైతే పైభాగం మాడుతుంది, తక్కువైతే నడుమ పచ్చిగా మిగులుతుంది. ఆ గుప్పెడు ఎంతో పుస్తకంలో ఉండదు, వంటవాడి అరచేతిలో ఉంటుంది.

రాత్రి ఎనిమిదింటికి విందు అనుకుంటే ఆ గదిలో రోజు ఎలా గడిచేదో ఊహించడం కష్టం కాదు. సూపుకు కావలసిన ఎముకలు పొద్దున్నే కుండలో పడాలి, అది సాయంత్రం దాకా ఉడికినా మంచిదే. చక్కెరను మాడ్చి అచ్చులో పోసి, గుడ్లూ పాలూ కలిపి నీళ్ల ఆవిరి మీద గట్టిపరిచే క్యారమెల్ కస్టర్డు మధ్యాహ్నానికే అయిపోవాలి, చల్లబడితేనే అచ్చు నుంచి విరగకుండా దిగుతుంది. మాంసం ఆరింటికి ఎక్కాలి. కూరగాయలు ఏడున్నరకు. చేప మాత్రం అతిథులు సూపు తాగుతుండగా పెనం మీద పడాలి, వారు చెంచా కింద పెట్టేసరికి పళ్లెంలోకి రావాలి. సముద్రానికి దూరమైన ఈ ఊళ్లో ఆ చేప చెరువుల కొర్రమీను. 1874లో వాడి నుంచి, 1889 నాటికి బెజవాడ నుంచి రైలు మార్గం కలిశాక దూరపు సరుకు రావడం కొంత సులువైంది. కస్టర్డు దేశమంతటా ముసాఫిరు బంగళాలలోనూ రైల్వే భోజనశాలలలోనూ ఎందుకు స్థిరపడిందో ఈ లెక్కతో అర్థమవుతుంది. దాని రుచిని తక్కువ చేయనక్కరలేదు గాని, అది కాచుకుని ఉండగల తీపి అన్నదే వండేవారికి ముఖ్యం.

వండినది బల్ల దాకా చేరడం ఇంకొక ఘట్టం. ఎండలోనో వానలోనో ముంగిలి దాటి వచ్చే పళ్లాల కింద వేడినీళ్ల అరలు పెట్టేవారు. బొల్లారంలో బ్రిటిష్ రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ పాలకుల ప్రతినిధి, విడిదిగా వాడుకున్న భవనంలో ఈ సమస్యకు దొరికిన పరిష్కారం ఊళ్లో మరెక్కడా కనబడదు. 1860 ప్రాంతంలో కట్టిన ఆ భవనమే ఇప్పటి రాష్ట్రపతి నిలయం. దూరంగా ఉన్న వంటశాల నుంచి భోజనశాలకు నేల కింద ఒక సొరంగం తవ్వారు. వంటవాళ్లు పళ్లాలు పట్టుకుని అతిథుల కంట పడకుండా అందులోంచి వచ్చి వెళ్లేవారు. తిండి వేడిగా చేరడానికి ఆ దారి వేశారని అనవచ్చు, తిండి తెచ్చేవారు కనబడకుండా ఉండడానికీ అనవచ్చు. రెండూ నిజమే.

ఈ విందును నడిపిన భాష కూడా గమనించదగినది. యజమానురాలికి తెలుగు రాదు, వంటవాడికి ఇంగ్లీషు చదువు లేదు. నడుమ బట్లరు, అంటే ఇంటి పరిచారకులందరి మీద పెత్తనం చేసే పెద్ద, ఇద్దరికీ ద్విభాషిగా ఉండేవాడు. ఆయన మాట్లాడిన ఇంగ్లీషును 1886లో వచ్చిన 'హాబ్సన్ జాబ్సన్' పదకోశం బట్లర్ ఇంగ్లీషు అన్న పేరుతో నమోదు చేసింది. ఐ టెల్లింగ్ అంటే చెబుతాను, ఐ డన్ టెల్ అంటే చెప్పేశాను. అంటే జరగబోయేదానికీ జరిగిపోయినదానికీ మధ్య తేడాను రెండు చిన్న గుర్తులతో ఆ భాష చూపగలిగింది, విందు వేళ వంటింటికి కావలసింది సరిగ్గా అదే: చేప అవుతోందా, అయిపోయిందా? బట్లర్ ఇంగ్లీషు అన్న మాటను తెలుగువారు ఇప్పటికీ ఎగతాళికే వాడతారు. ఆరు పళ్లాల విందును తడబడకుండా నడిపించిన భాషకు ఆ ఎగతాళి న్యాయం కాదు.

బజారు పని కూడా ఆ వంటవాడిదే. పొద్దున్నే మోండా మార్కెట్టు వైపో రెజిమెంటల్ బజారు వైపో వెళ్లి తెచ్చిన సరుకు లెక్క దొరసానికి ఒప్పచెప్పేటప్పుడు దస్తూరీ, అంటే కొన్నవాడు తన వాటాగా ఉంచుకునే కొద్దిపాటి మిగులు, అందులో కలిసి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. దొరల తోటలలో పండిన క్యాబేజీ, క్యారెట్టు, బీన్సు వంటివి వంటవాళ్ల ఇళ్లకూ చేరి క్రమంగా ఊరి కూరలయ్యాయి. కొన్నిటికి సొంత పేర్లు పుట్టాయి; కోస్తాలో బంగాళాదుంప అన్నది ఇక్కడ ఆలుగడ్డ, కొన్నిచోట్ల రామములగ అన్నది ఇక్కడ టమాట. మిగిలినవి ఇంగ్లీషు పేర్లతోనే నిలిచాయి.

వరుస మారితే వంటకం ఎలా మారుతుందో చెప్పడానికి చారును మించిన ఉదాహరణ లేదు. తమిళంలో మిళగు తణ్ణి అంటే మిరియాల నీళ్లు, మన మిరియాల చారు. విస్తరిలో అది పులుసు తరువాత, పెరుగుకు ముందు, అన్నంలో కలుపుకునేది. మద్రాసు దొరల విందుకు మొదట సూపు కావలసి వచ్చినప్పుడు వంటవాళ్లు తమకు తెలిసిన ద్రవ పదార్థాన్నే ముందుకు తెచ్చారు. అన్నం లేకుండా గిన్నెలో తాగవలసి వచ్చేసరికి అది పలచగా ఉంటే చాలదు కనుక మాంసం ముక్కలు, పప్పు, కొబ్బరి పాలు, కూరపొడి చేరి చిక్కబడి 'మలిగటానీ' అయింది. పేరులో నీళ్లు మిగిలాయి, గిన్నెలో మాత్రం లేవు. చివర ఉండవలసినది మొదటికి వచ్చినందువల్ల చారు తన రూపమే మార్చుకుంది.

ఈ చారు మళ్లీ అన్నం దగ్గరికి చేరింది లాలాగూడలో. నిజాం రైల్వే కర్మాగారం 1893లో అక్కడ వెలిశాక ఇంజను డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లుగా పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు దక్షిణ లాలాగూడ, మెట్టుగూడ క్వార్టర్లలో స్థిరపడ్డాయి. బట్లరునూ మేటినీ, అంటే సహాయకుడినీ, పెట్టుకునే జీతాలు కావవి. ఇంటావిడే వండాలి, ఒక పనిమనిషి సాయం ఉంటే అదృష్టం. దానితో వరుస విందు కుదించుకుపోయింది. రోజువారీ భోజనంలో అన్నమూ, పక్కన వేపుడూ, మీద పెప్పర్ వాటరూ. ఆ పెప్పర్ వాటరు మన చారే, తాలింపుతో సహా. ఆదివారం మధ్యాహ్నం కొబ్బరి పాలూ పసుపూ వేసి వండిన పచ్చటి అన్నం, కీమా ఉండల కూర, వాటి పక్కన ఉల్లిపాయా మిరపా వినెగరుతో నూరిన ఎర్రటి డెవిల్ చట్నీ. పండగకు, బంధువులు వచ్చినప్పుడు మాత్రమే సూపు, కాల్చిన మాంసం, కస్టర్డు ఒక వరుసలో వచ్చేవి. క్రిస్మస్‌కు చేసే రోజ్ కుకీలు మన గులాబీ పువ్వులే. దండు బంగళాలో పుస్తకమూ పనీ ఇద్దరి మధ్య చీలిపోగా, ఇక్కడ అవి ఒకే మనిషి చేతిలో కలిశాయి; తల్లి దగ్గర చూసి నేర్చుకున్న కూతురు, తూకాలను నోటుబుక్కులో రాసుకుని అత్తవారింటికి తీసుకుపోయే అలవాటు ఇళ్లలో పాదుకొన్నది.

1945లో దండు ప్రాంతంలోని పౌర బస్తీలు తిరిగి నిజాం పాలనలోకి వచ్చి సికింద్రాబాదు పురపాలక సంఘం ఏర్పడింది, 1947లో దొరలు వెళ్లారు, వారి వెంట ఆ తరువాతి ఏళ్లలో ఎన్నో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండుకూ ఆస్ట్రేలియాకూ వెళ్లిపోయాయి. బంగళాల వంటవాళ్లు క్లబ్బులలో, మెస్సులలో, హోటళ్లలో చేరారు. ఖాళీ అయిన ఊళ్లోకి కొత్త జనం వచ్చింది: 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారడంతో ఉద్యోగులు, 1966లో దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం సికింద్రాబాదులో వెలవడంతో గుంతకల్లు, విజయవాడల వైపు రైల్వేవారు. వీరిలో చాలామంది ఉమ్మడి కుటుంబం వదిలి ఇద్దరే వచ్చినవారు. అత్తగారు గుంటూరులోనో పుట్టిల్లు పాలమూరులోనో ఉండగా, పక్కన చెప్పేవారు లేకుండా, భర్త ఆఫీసు నుంచి పిలుచుకు వచ్చిన నలుగురికి రాత్రి భోజనం పెట్టవలసిన కొత్త గృహిణి అంతకు వంద ఏళ్ల కిందటి దొరసాని ఇబ్బందినే ఎదుర్కొంది, ఒక్క తేడాతో: ఈమెకు రామసామి లేడు.

ఆమెకు దొరికిన తోడు అచ్చు పుస్తకం. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952 నుంచి దశాబ్దాల పాటు 'ప్రమదావనం' శీర్షిక నడిపిన మాలతీ చందూర్, ఆ శీర్షికలో పాఠకురాళ్ల సందేహాలు తీర్చినంత ఓపికగానే 'వంటలు - పిండివంటలు' పుస్తకం రాశారు, అది ఎన్నోసార్లు అచ్చయింది. మద్రాసులో కూర్చుని రాసినా ఆ పుస్తకం అన్ని జిల్లాల వారికీ చేరింది. అప్పటికి తూకాల గొడవ ఒకటి ఉండేది. కోస్తావారి వీశె, పలం. ఇక్కడివారి శేరు, పావుశేరు, ఛటాకు. 1956 చట్టం ప్రకారం మెట్రిక్ తూకాలు వచ్చి 1960ల తొలి సంవత్సరాలలో గ్రాము, కిలో స్థిరపడ్డాక గాని ఒక ఊరి వంట మరొక ఊరి గిన్నెలో అదే కొలతతో ఉడకడం సాధ్యం కాలేదు. ఈ మార్పును తిండి చరిత్రకారులు తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు.

తూకం కుదిరినా కాలం కుదరలేదు. ఊరికి గడియారం కొరత లేదు. 1897లో రెసిడెంటు ప్లౌడెన్ ప్రారంభించిన 120 అడుగుల గడియార స్తంభం నడిబజారులోనే ఉంది. వంటింట్లో మాత్రం కాలాన్ని కంటితో, ముక్కుతో కొలిచేవారు: తాలింపు చిటపటలు ఆగే దాకా, పచ్చి వాసన పోయే దాకా, నూనె పైకి తేలే దాకా. అనుభవం ఉన్నవారికి అది చక్కని కొలత, లేనివారికి అది కొలతే కాదు. 1959లో దేశంలో తయారై అమ్మకానికి వచ్చి తరువాతి ఇరవై ఏళ్లలో మధ్యతరగతి ఇళ్లకు చేరిన ప్రెషర్ కుక్కరు ఈ చిక్కును అనుకోని విధంగా విప్పింది. కింద నీళ్లు, ఒక గిన్నెలో కందిపప్పు, దాని మీద మరొక గిన్నెలో బియ్యం. మూడు విజిల్స్ రాగానే దించేయాలి. పప్పూ అన్నమూ ఒకే క్షణాన సిద్ధం కావడం, ఆ క్షణాన్ని ఇల్లంతా వినేలా పాత్రే చెప్పడం తెలుగు వంటింటికి అంతకుముందు తెలియదు. పిన్నిని, వదినను అడిగినా ఎంతసేపు అన్న ప్రశ్నకు ఎన్ని విజిల్స్ అన్న జవాబు రావడం అప్పటి నుంచే. కస్టర్డునూ పెరుగునూ మధ్యాహ్నమే చేసి దాచుకోవడానికి హైదరాబాదులోనే తయారైన ఆల్విన్ ఫ్రిజ్, చల్లారిన కూరను రెండు నిమిషాలలో వెచ్చబెట్టే గ్యాసు పొయ్యి తోడయ్యాయి. నలుగురైదుగురు పరిచారకులు పంచుకున్న పనిని ఇవి ఒక్క మనిషి చేతికి తెచ్చాయి. దానిని సౌకర్యం అనాలా, భారం అనాలా అన్నది ఆ వంటింట్లో నిలబడి పనిచేసినవారు చెప్పవలసిన మాట.

ఆ తరం ఇళ్లలో కుదిరిన కుటుంబ విందు ఏ ఒక్క సంప్రదాయానికీ చెందనిది. ముందుగా చిన్న కప్పులలో టమాట సూపు, దండు వాసనతో. తరువాత బగారా అన్నం, అంటే మసాలా తాలింపులో వండిన అన్నం, దాని పక్కన దాల్చా, మాంసం తినని ఇంట్లో గుత్తి వంకాయ, ఇవి పాతనగరపు దావతుల నుంచి, పల్లె పెళ్లిళ్ల నుంచి వచ్చినవి. ఆ తరువాత తెల్లన్నం, పచ్చిపులుసు, పెరుగు, ఇవి లేకుండా పెద్దవారు లేవరు. చివర డబుల్ కా మీఠా లేదా కస్టర్డు. డబుల్ కా మీఠాలో డబుల్ అన్నది డబుల్ రొట్టె, అంటే దొరల బ్రెడ్డుకు దక్కనీ పేరు. తినేవారు దీనిని విస్తరి లెక్కలో ఒకేసారి కంచంలో పెట్టించుకోవచ్చు, బల్ల లెక్కలో ఒకటి తరువాత ఒకటి తెప్పించుకోవచ్చు. పిల్లలు మొదటిదానితో మొదలుపెట్టి నేరుగా చివరిదానికి వెళ్లడమూ ఉంది. వండిన ఆమె మాత్రం సూపు వడ్డించి వచ్చి నూనెలో అప్పడాలు వేస్తుంది, ఎందుకంటే అవి కాచుకుని ఉండలేవు. బబర్చీఖానాలో కొర్రమీను కోసం వంటవాడు చేసిన లెక్క ఇదే.

బొల్లారం వంటశాల సొరంగాన్ని బాగుచేసి, గోడల మీద చేర్యాల బొమ్మలు వేయించి, 2023లో రాష్ట్రపతి నిలయంతో పాటు సందర్శకులకు తెరిచారు. దాని గుండా పళ్లాలు మోసినవారి పేర్లు మనకు దక్కలేదు. వారి తరువాతి తరాల వంట మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. లాలాగూడ, మారేడుపల్లి, బొల్లారం, తిరుమలగిరి ఇళ్ల అటకల మీద నూనె మరకల చేతిరాత నోటుబుక్కులలో అది మిగిలి ఉండవచ్చు. అలాంటిది ఇంట్లో ఉన్నవారు పాత కాగితాలవాడికి వేయడానికి ముందు మొదటి పేజీ మీద ఒక్క పని చేయాలి: రాసినది ఎవరో, ఏ సంవత్సరమో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో మూడు ముక్కలలో రాసి పెట్టాలి.